సైరన్ మోగితే షాపు మూసేసి పోయేవాళ్ళు: మీ ప్రశ్నలకి జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో మా ఊరి వాలంటీర్ ఫైర్ బ్రిగేడ్ గురించి ఓ పది లైన్లు రాశాను. మా ఊరంటే ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం, మెల్‌బోర్న్ నుంచి కార్లో రెండు గంటలు. సైరన్ మోగగానే మా మెకానిక్ కారు కింద నుంచి లేచి ఆ గ్రీజు చేతుల్తోనే స్టేషన్‌కి పరిగెత్తాడని రాశా, అంతే. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. అన్నీ వేయడం కుదరదు కాబట్టి ఒకేలా ఉన్నవి కలిపేశాను, కొన్ని కొంచెం కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: బాబూ, మా చిన్నోడు 491 వీసా (పెద్ద నగరాల బయటే ఉండి పనిచేయాలనే వీసా) మీద బెండిగో దగ్గర ఉంటున్నాడు. ఈ మధ్య ఫోన్ చేస్తే ఫైర్ ఇంజన్ ట్రైనింగ్‌కి పోతున్నా అంటున్నాడు. జీతమెంతరా అంటే ఏమీ లేదమ్మా ఊరికే అన్నాడు. అంత డబ్బున్న దేశం మంటలార్పేవాళ్ళకి జీతాలిచ్చుకోలేదా? వాడికి ప్రమాదమేం ఉండదు కదా? (ఒక అమ్మ, తెనాలి)

జవాబు: అమ్మా, ప్రమాదం ఉండదని రాస్తే అబద్ధం రాసినట్టే. కానీ మీవాడు ట్రైనింగ్ దశలో ఉన్నాడన్నారు చూడండి, అది మంచి మాట. 1998 డిసెంబర్ 2న ఇక్కడే లింటన్ అనే చోట గాలి ఒక్కసారి దిశ మారి, జీలాంగ్ వెస్ట్ బ్రిగేడ్‌కి చెందిన ఐదుగురు వాలంటీర్లు ట్యాంకర్‌తో సహా మంటల్లో చిక్కుకుని చనిపోయారు. ఆ తర్వాతే కనీస ట్రైనింగ్ పూర్తి కాకుండా ఎవర్నీ మంటల దగ్గరికి పంపకూడదని రూల్ గట్టిగా వచ్చింది. ట్యాంకర్‌లో నీళ్ళన్నీ మంట మీదే కొట్టేయకుండా మన ప్రాణం కోసం కొన్ని మిగుల్చుకోవాలన్నది, బండి చుట్టూ నీళ్ళు చిమ్మే స్ప్రేలు, క్యాబిన్ లోపల వేడిని ఆపే కర్టెన్లు, ఇవన్నీ గట్టిగా పట్టించుకున్నది అప్పట్నుంచే. ఐదుగురు పోయాక వచ్చిన కర్టెన్లమ్మా అవి. ట్రైనింగ్‌లో ఆ కర్టెన్ దించి, ఉన్ని దుప్పటి కప్పుకుని కింద కూర్చోమంటారు, మొదటిసారి అందరూ నవ్వుతారు, ఇన్‌స్ట్రక్టర్ మాత్రం నవ్వడు.

ఇక జీతం. మెల్‌బోర్న్‌లోనూ కొన్ని పెద్ద ఊళ్ళలోనూ జీతాల ఫైర్‌మెన్ ఉన్నారు, 2020 జులై 1 నుంచి వాళ్ళందర్నీ ఫైర్ రెస్క్యూ విక్టోరియా కింద కలిపారు. పల్లెలు, చిన్న ఊళ్ళు, అడవి అంచులు మాత్రం సీఎఫ్ఏ, అంటే కంట్రీ ఫైర్ అథారిటీ చూసుకుంటుంది. దాని కింద 1,200 దాకా బ్రిగేడ్లు, 50,000కి పైగా వాలంటీర్లు. పక్కన న్యూ సౌత్ వేల్స్‌లో రూరల్ ఫైర్ సర్వీస్ ఇంకా పెద్దది, 70,000 మంది పైమాటే. ఇంతమందికి జీతమంటే ఏ బడ్జెట్టూ చాలదు. పైగా ఈ పని ఏడాది పొడుగునా ఉండేది కాదు, ఎండాకాలంలో నాలుగు నెలలు, అందులోనూ నిజంగా భయపెట్టేవి ఓ పది రోజులు, కానీ ఆ పది రోజుల్లో మాత్రం వంద చోట్ల ఒకేసారి అంటుకుంటుంది, ఎక్కడో సిటీ నుంచి ఇంజన్ బయల్దేరి వచ్చేలోపు కంచె దాటేస్తుంది, కాబట్టి మంట ఎక్కడుందో మనిషి కూడా అక్కడే ఉండాలి.

ఇదేమీ గవర్నమెంట్ కనిపెట్టిన ఏర్పాటు కాదు కూడా. గవర్నమెంట్ రాకముందే రైతులు తడి గోనె సంచులతో పక్కోడి పొలం మంటలార్పుకునేవాళ్ళు, మన దగ్గర గడ్డివాము అంటుకుంటే ఊరంతా బిందెలతో పోయినట్టే. 1939 జనవరి 13న ముగిసిన అడవి మంటల్లో విక్టోరియాలో 71 మంది చనిపోయారు, దాన్ని ఇప్పటికీ బ్లాక్ ఫ్రైడే అంటారు. దాని మీద జడ్జి లియొనార్డ్ స్ట్రెటన్ విచారణ జరిగింది, అప్పటికీ అందరూ కదల్లేదు, 1943-44లో మళ్ళీ తగలబడ్డాక 1945లో సీఎఫ్ఏ పని మొదలెట్టింది. అప్పట్నుంచీ లెక్క ఒకటే: టైమూ ఒళ్ళూ మనవి, బండి, బట్టలు, రేడియో, ట్రైనింగ్, దెబ్బ తగిలితే నష్టపరిహారం గవర్నమెంట్‌వి. మీవాడు జీతం అడగడమ్మా, ఇక్కడ ఎవరూ పెద్దగా అడగరు. గొడవంతా రెండో వైపు వాటా సరిగ్గా వస్తోందా లేదా అన్నదాని మీదే.

ప్రశ్న: మేం టార్నీట్‌లో ఉంటాం. కౌన్సిల్ రేట్స్ (మున్సిపాలిటీ ఆస్తి పన్ను) బిల్లులో ఎమర్జెన్సీ సర్వీసెస్ అండ్ వాలంటీర్స్ ఫండ్ అని కొత్త లైను, పోయినేడాది కన్నా ఎక్కువ. వాలంటీర్ల కోసమైతే కడతాం సార్, కానీ ఆ వాలంటీర్లే పార్లమెంట్ ముందు ధర్నా చేశారటగా? (ఐటీ ఉద్యోగి, మెల్‌బోర్న్)

జవాబు: చేశారు. 2025 మేలో పార్లమెంట్ ఉన్న స్ప్రింగ్ స్ట్రీట్‌లో రైతులు, వాలంటీర్లు ఫైర్ ట్రక్కులతో సహా వచ్చారు, కొన్ని బ్రిగేడ్లైతే నిరసనగా మేం కాల్స్‌కి రామని కొంతసేపు ఆఫ్‌లైన్ పెట్టేశాయి. ఇక్కడ అది చిన్న విషయం కాదు.

కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. ఒకప్పుడు విక్టోరియాలో ఫైర్ సర్వీసు డబ్బు ఇంటి ఇన్సూరెన్స్ ప్రీమియంలో కలిపి వసూలు చేసేవాళ్ళు. అంటే ఇన్సూరెన్స్ చేయించుకున్నోడే కట్టేవాడు, చేయించుకోనోడి ఇంటికి కూడా అదే ఇంజన్ వచ్చేది. 2009 ఫిబ్రవరి 7, బ్లాక్ సాటర్‌డే అంటారు, ఆ మంటల్లో 173 మంది చనిపోయారు. దాని మీద వేసిన రాయల్ కమిషన్, అంటే గవర్నమెంట్ వేసే పెద్ద విచారణ సంఘం, ఈ పద్ధతి తీసేయమంది. 2013 నుంచి ఆస్తి ఉన్న ప్రతివాళ్ళ కౌన్సిల్ బిల్లులో లెవీ, అంటే ఫైర్ సర్వీసు కోసం ఓ పన్ను, కలిపారు. ఇక్కడిదాకా న్యాయమే అనిపిస్తుంది నాకు.

2025 జులై 1 నుంచి ఆ లెవీ పోయి ఈ కొత్త ఫండ్ వచ్చింది. పాత లెవీ ఫైర్ సర్వీసుల వరకే. కొత్తది వరదలప్పుడు వచ్చే ఎస్ఈఎస్‌కి (స్టేట్ ఎమర్జెన్సీ సర్వీస్), ట్రిపుల్ జీరో (000, ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్) కాల్ సెంటర్‌కి, అడవి శాఖ ఫైర్ టీములకి, స్టేట్ కంట్రోల్ సెంటర్‌కి, ఇంకా కొన్నింటికి కూడా. ఇళ్ళ మీద రేటు వెయ్యి డాలర్ల విలువకి 8.7 సెంట్ల నుంచి 17.3 సెంట్లకి పెరిగింది. అది కాక ఫిక్స్‌డ్ చార్జ్ ఒకటి ఎలాగూ ఉంటుంది. మీ ఇల్లు 7 లక్షల డాలర్లనుకుంటే ఏడాదికి సుమారు 60 డాలర్లు ఎక్కువ, రెండు ఫ్యామిలీలు బిర్యానీ తిన్నంత. రైతుకి అలా కాదు, వాడి ఆస్తంతా భూమే, చేతిలో డబ్బుండదు, పైగా ఆ ఏడాది కరువు. వాళ్ళ మీద వేద్దామనుకున్న రేటు పాతదానికి రెట్టింపు పైమాటే. గొడవయ్యాక మొదటి ఏడాది పాత రేటే ఉంచారు.

వాలంటీర్లకి అసలు మండింది పేరు దగ్గర. ఫండ్‌కి మా పేరు పెట్టి, అంతకుముందు మామూలు బడ్జెట్ నుంచి పోయే ఖర్చుల్ని ఇందులోకి తోసేసి, జనం దృష్టిలో మమ్మల్ని పన్ను వసూలు చేసేవాళ్ళని చేశారన్నది వాళ్ళ బాధ. సొమ్మొకడిది సోకొకడిది అంటాం కదా, ఇక్కడ సోకు కూడా వీళ్ళకి దక్కలేదు. చెప్పాల్సింది ఇంకోటుంది: ఫండ్‌తో పాటే పాత ట్రక్కులు దఫాలవారీగా మారుస్తామని గవర్నమెంట్ మాటిచ్చింది, వాలంటీర్లకి సొంత ఇంటి మీదో పొలం మీదో ఆ లెవీ వెనక్కిస్తామంది. వెనక్కివ్వడం అంటే ముందు కట్టాలి, తర్వాత అప్లై చేసుకోవాలి. 70 ఏళ్ళ రైతు, 50 ఏళ్ళ సర్వీసు, ఫోన్‌లో ఐడీ అప్‌లోడ్ చేయడం రాక మనవరాలి కోసం కూర్చోవడం, ఆ సీన్ ఊహించుకోండి.

లెవీ మంచిదా చెడ్డదా అంటే, అందరూ కట్టడం కరెక్టు అనే అంటాను. వచ్చిన డబ్బులో ఏ ఊరి బండికి ఎంత పోయిందో కనిపించాలి, అది మాత్రం ఆ బిల్లు చూస్తే ఎవరికీ తెలీదు. విక్టోరియాలో ఇప్పటికీ సింగిల్ క్యాబ్ ట్యాంకర్లు తిరుగుతున్నాయి, డ్రైవరూ పక్కన ఇంకొకరూ లోపల, మిగతావాళ్ళు వెనక డెక్ మీద కూర్చుని పోవాలి. మన ట్రాలీ ఆటోలో వెనకెక్కినట్టే. పొగలో.

ప్రశ్న: సిడ్నీలో కూడా ఇదే పద్ధతా? ఫైర్ ట్రక్కులు కౌన్సిల్‌వని ఒకరు, స్టేట్‌వని ఒకరు అంటున్నారు. (బాక్స్ హిల్, న్యూ సౌత్ వేల్స్)

జవాబు: మీ దగ్గర ఇప్పటికీ పాత పద్ధతే. ఎమర్జెన్సీ సర్వీసుల ఖర్చులో 73.7 శాతం ఇన్సూరెన్స్ కంపెనీలు, అంటే చివరికి పాలసీ ఉన్న మీరు, 11.7 శాతం కౌన్సిళ్ళు, 14.6 శాతం రాష్ట్రం. 2017లో మారుద్దామని చట్టం చేసి, బిల్లుల లెక్క చూసి గుండె ఆగినంత పనై, మొదలెట్టకముందే ఆపేశారు. 2023 చివర్లో మళ్ళీ మారుస్తామన్నారు.

ట్రక్కుల సంగతి తమాషా. 1997 రూరల్ ఫైర్స్ చట్టం 119వ సెక్షన్ ప్రకారం ఆ ఎర్ర బళ్ళు కౌన్సిల్ పేరు మీద ఉంటాయి. ఏది కొనాలో, ఎక్కడికి పంపాలో చెప్పేది మాత్రం రూరల్ ఫైర్ సర్వీస్. మరి బండి అరిగితే ఆ తరుగుదల ఎవరి పుస్తకంలో? కౌన్సిల్ పుస్తకంలో. మా కంట్రోల్‌లో లేని బండిని మా ఆస్తిగా ఎందుకు రాసుకోవాలని చాలా కౌన్సిళ్ళు రాయం పొమ్మన్నాయి, ఆడిటర్ జనరలేమో రాయాల్సిందేనని వాళ్ళ లెక్కల మీద అభ్యంతరం పెట్టారు. చిన్న ఊరి కౌన్సిల్‌కి ఇదంతా కాగితం గొడవ కాదు, ఆ తరుగుదల లెక్క వల్ల రోడ్లకి మిగిలేది తక్కువ కనిపిస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ట్రాక్టర్ పెద్దాయన పేరు మీద, తోలేది చిన్నాయన, టైర్లు మార్చే వంతొచ్చినప్పుడు ఇద్దరూ కనపడరు, అలాగన్నమాట.

ప్రశ్న: 2020 జనవరిలో మా ఆఫీసులో అందరం కలిసి ఫేస్‌బుక్‌లో ఆస్ట్రేలియా మంటలకి డబ్బులు పంపాం. కోలాలకీ, ఇళ్ళు పోయినవాళ్ళకీ వెళ్తాయనుకున్నాం. అవేమయ్యాయి? (మాదాపూర్, హైదరాబాద్)

జవాబు: అది కమెడియన్ సెలెస్ట్ బార్బర్ మొదలెట్టిన ఫండ్‌రైజరే అయితే, 30,000 డాలర్ల టార్గెట్‌తో మొదలై 5 కోట్ల 10 లక్షల డాలర్లు దాటింది. ఆవిడ పెట్టిన ఖాతా న్యూ సౌత్ వేల్స్ రూరల్ ఫైర్ సర్వీస్ బ్రిగేడ్ల డొనేషన్స్ ట్రస్ట్‌ది. ఆ ట్రస్ట్ డీడ్‌లో ఫైర్ సామాన్లు, ట్రైనింగ్, వసతులు అని రాసుంది, కోలాల పేరు ఎక్కడా లేదు. డబ్బు అంతయ్యాక ఆవిడ వేరే రాష్ట్రాలకీ, జంతువులకీ కూడా ఇద్దామంది, ట్రస్ట్ కోర్టుకెళ్ళి అడిగింది, 2020 మేలో అక్కడి సుప్రీం కోర్టు కుదరదంది. చనిపోయిన ఫైర్‌ఫైటర్ల కుటుంబాలకి, గాయపడినవాళ్ళకి, ట్రామా కౌన్సెలింగ్‌కి ఖర్చు పెట్టొచ్చు అని మాత్రం ఒప్పుకుంది.

మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, ఆ వాలంటీర్లకే పోయింది. కానీ అదే సీజన్‌లో కొన్ని బ్రిగేడ్ల వాళ్ళు మంచి మాస్కుల కోసం ఆన్‌లైన్‌లో చందాలడిగారు. పొగలో నిలబడేవాడు మాస్కుకి చందా అడుక్కోవడం ఏంటండీ! హుండీలో పడే డబ్బుతో గుడి కట్టొచ్చేమో గానీ ఫైర్ సర్వీస్ నడపలేం, ఏ ఏడాది ఎంత పడుతుందో ఎవడికి తెలుసు.

ప్రశ్న: డ్యూటీ రోజుల్లో మంటలొస్తే ఆఫీసులో సెలవిస్తారా? జీతం కట్ అవుతుందా? (491 వీసా, బల్లారట్)

జవాబు: సెలవు ఇవ్వాలి. ఫెయిర్ వర్క్ అనే ఇక్కడి ఉద్యోగుల చట్టంలో కమ్యూనిటీ సర్వీస్ లీవ్ ఉంది, దానికి ఇన్ని రోజులే అని లిమిట్ కూడా లేదు, కానీ ఎంప్లాయర్ జీతం ఇవ్వక్కర్లేదు. కొంతమంది ఇస్తారు, గవర్నమెంట్ ఉద్యోగులకి నయం. సొంతంగా ప్లంబింగో పెయింటింగో చేసుకునేవాడికి ఆ రోజు సున్నా.

2019-20లో బ్లాక్ సమ్మర్ అని పేరుపడ్డ పెద్ద మంటల ఎండాకాలంలో ఇది బయటపడింది. ఒక రోజు, రెండు రోజులు కాదు, నెలల తరబడి పోయారు. డిసెంబర్ 19న సిడ్నీకి నైరుతిలో బక్స్‌టన్ దగ్గర చెట్టు కూలి ట్రక్ బోల్తా పడి ఇద్దరు వాలంటీర్లు చనిపోయారు, ఇద్దరికీ పసిపిల్లలు. అప్పుడు ప్రధాని స్కాట్ మారిసన్ హవాయిలో సెలవులో ఉన్నాడు. డిసెంబర్ 29న వచ్చింది ప్రకటన: న్యూ సౌత్ వేల్స్‌లో 10 రోజులు దాటి పనిచేసిన వాలంటీర్లకి, అదీ చిన్న, మధ్యస్థ వ్యాపారాల్లో పనిచేసేవాళ్ళకో సొంత పని చేసుకునేవాళ్ళకో, రోజుకి 300 డాలర్ల దాకా, మొత్తం 6,000 మించకుండా. మంచిదే. కానీ అది ఆ విపత్తుకి ఇచ్చిన సాయం, హక్కుగా రాలేదు. మళ్ళీ అలాంటి సీజన్ వస్తే మళ్ళీ ప్రకటన కోసం చూడాల్సిందే, అదే నాకు నచ్చని విషయం. జీతం వద్దు సరే, పోయిన కూలి ఎవరిస్తారన్నది ముందే రాసి ఉంటే మనిషి నిశ్చింతగా ఎక్కుతాడు బండి.

ప్రశ్న: హెలికాప్టర్లు, పెద్ద పెద్ద విమానాలు ఉన్నాయిగా, ఇంకా మనుషులెందుకు? (ఇంటర్ విద్యార్థి, నెల్లూరు)

జవాబు: టీవీలో ఎర్ర పౌడర్ నీళ్ళు పోసే విమానం భలే కనిపిస్తుంది తమ్ముడూ, మంత్రులు కూడా దాని పక్కన నిలబడే ఫోటో దిగుతారు. విమానం మంటని నెమ్మదిగా చేస్తుంది, ఆర్పేది కింద ఉన్నవాడే. గాలి ఎక్కువైతే ఎగరలేవు, పొగలో కనపడదు, రాత్రి చాలావరకు నేల మీదే. వాటికీ ప్రమాదమే, 2020 జనవరి 23న కూమా దగ్గర సీ-130 ట్యాంకర్ కూలి ముగ్గురు అమెరికన్ సిబ్బంది చనిపోయారు.

అసలు పని మంట పోయాక మొదలవుతుంది, దాన్ని ఇక్కడ బ్లాకింగ్ అవుట్ అంటారు. నేను వెళ్ళిన మొదటి పెద్ద మంటలో నాకు పడింది అదే. రాత్రి పదకొండు, నేలంతా నల్లగా, టార్చ్ వేస్తే బూడిద ఎగురుతూ. రేక్‌హో అని ఒక పక్క పార, ఇంకో పక్క పళ్ళున్న పనిముట్టు, దాంతో మొద్దుల చుట్టూ గీరాలి, గ్లవ్ తీసి చేతి వెనక భాగం నేలకి దగ్గరగా పెట్టి చూడాలి, వేడి తగిలితే తవ్వాలి, తవ్వితే కింద వేరు ఎర్రగా అగరొత్తిలా కాలుతూ ఉంటుంది, పైన ఏమీ తెలీదు. అది వదిలేస్తే రెండ్రోజుల తర్వాత గాలికి లేచి, మంటని ఆపడానికి మేం గీసిన లైను దాటుతుంది. ఒక్క యూకలిప్టస్ మొద్దుకి ఇద్దరం నలభై నిమిషాలు. నీళ్ళు ఊరికే కొట్టకూడదు, మా ట్యాంకర్ 3,000 లీటర్లది, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌కి బుక్ చేసుకునే ట్యాంకర్ కూడా 5,000 ఉంటుంది. తెల్లారి ఇంటికొస్తే మా ఆవిడ బూట్లు, బట్టలు గుమ్మం బయటే విప్పించింది, పొగ వాసన వారం పోలేదు, ఇడ్లీ తిన్నా అదే వాసన.

ప్రశ్న: వేసవిలో మా నల్లమలలోనూ నిప్పు పడుతుంది. మన దగ్గర ఇలాంటి వాలంటీర్లు ఎందుకు లేరు? (ఆత్మకూరు)

జవాబు: మన దగ్గర వేరే దారి అండీ. అటవీ శాఖ వేసవికి ఫైర్ వాచర్లని రోజు కూలి మీద తీసుకుంటుంది, బేస్ క్యాంపుల్లో చెంచు కుర్రాళ్ళు ఉంటారు, డెహ్రాడూన్ నుంచి ఫారెస్ట్ సర్వే వాళ్ళ శాటిలైట్ అలర్ట్ ఫోన్‌కి వస్తుంది. నిప్పు దాకా నడిచి పోయేవాడి చేతిలో మాత్రం చాలాసార్లు పచ్చి కొమ్మే. ఇక్కడోడికి బట్టలున్నాయి, కూలి లేదు. అక్కడోడికి కూలి ఉంది, బట్టల్లేవు. దీని గురించి విడిగా రాయాలి, మీ దగ్గర వాచర్‌గా చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు రాయమనండి.

ప్రశ్న: నాకు 46, మోకాళ్ళు అంతంతమాత్రం, వోడోంగా దగ్గర ఉంటాం. చేరాలనుంది కానీ తెల్లవాళ్ళ మధ్య ఎలా ఉంటుందో అని. (పేరు వద్దన్నారు)

జవాబు: మోకాళ్ళకి భయపడకండి, రేడియో దగ్గర కూర్చునేవాళ్ళు, మ్యాపులు చూసేవాళ్ళు, నీళ్ళూ తిండీ అందించేవాళ్ళు లేకపోతే ముందున్నవాడు రెండు గంటలు కూడా నిలబడలేడు. చిన్న ఊళ్ళలో కుర్రాళ్ళు సిటీకి పోతున్నారు, చాలా బ్రిగేడ్లలో జుట్టు తెల్లబడింది, కొత్త మనిషి తలుపు తీసుకుని లోపలికొస్తే రంగు చూసే తీరిక ఎవరికీ లేదు. మొదట్లో వాళ్ళ యాస నాకూ అర్థమయ్యేది కాదు, రేడియోలో అయితే మరీ, మూడుసార్లు అడిగేవాణ్ణి, వాళ్ళూ నా ఇంగ్లీషుకి మూడుసార్లు అడిగేవాళ్ళు, లెక్క సరిపోయింది. ట్రైనింగ్ ఏ రోజు ఉంటుందో స్టేషన్ బోర్డు మీద రాసుంటుంది, ఆ సాయంత్రం ఊరికే వెళ్ళి చూడండి. ఖాళీ చేతుల్తో పోవద్దు, ఓ డబ్బా పకోడీలు పట్టుకెళ్ళండి, కారం తగ్గించి. నేను మొదటిసారి తగ్గించలేదు, కెప్టెన్ ట్యాంకర్ పైపు దగ్గరికి పరిగెత్తాడు.